అమ్మమ్మ పూడ్చిన సందు

మా అమ్మమ్మ చెయ్యి పడకపోతే ఈ ఊళ్లో మేడలన్నీ ఎండకు ఉబ్బి, ఒకదాన్నొకటి తోసుకుని ఎప్పుడో కూలిపోయేవి. ఆకాశానికి సందుంటే అదీ పూడ్చేసేది, మనకు వానలే ఉండేవి కావు.

శ్లాబుల మధ్య కావాలని వదిలిన సందుల్లో పీయూ సీలెంట్ నింపడం ఆవిడ పని. అడుగున నురగ తాడు కుక్కి, దాని మీద గన్‌తో ముద్ద వత్తుతుంది. జిగురు, సుద్దపొడి, మెత్తదనానికి నూనె కలిసిన ముద్ద అది. గాలిలో తేమ తాగి రబ్బరులా బిగుస్తుంది. సందు ముడుచుకుంటే ముడుచుకుంటుంది, సాగితే సాగుతుంది. మా ఇంట్లో అంత సర్దుకుపోయేవాళ్లు లేరు. అమ్మమ్మ అసలే కాదు.

ఆ పొద్దున ఓ కొత్త మేడ డాబా మీద, కారుతుందేమో చూడటానికి ఇంజినీరు నీళ్లు వదిలాడు. అమ్మమ్మ వారం కిందట తను నింపిన సందు మీద వేలు నొక్కింది. వేలు అంటుకుంది.

ఏళ్ల తరబడి బాత్రూముల్లో సిలికాన్ అనే మరో రకం ముద్ద వేసిన చెయ్యి. నునుపు కోసం గరిటె స్పిరిట్‌లో ముంచి లాగడం అలవాటు. ఇక్కడా పరాకున అలాగే లాగేసింది. స్పిరిట్ తగిలితే పీయూ తేమతో ముడిపడటం మానేసి ఆ స్పిరిట్‌తోనే లేచిపోతుంది. ఇక జన్మలో బిగవదు.

ఆ సందు కింద ఉన్నది కరెంటు గది. లోపల పనిచేస్తున్నది మా నాన్న.

"నీళ్లు ఆపండి బాబూ!" అని అరిచింది, పైపు హోరులో ఇంజినీరుకు వినపడలేదు. నీళ్లు వాలు వెంట పాకుతూ వస్తున్నాయి. అమ్మమ్మ మెట్లు దిగలేదు, దొర్లింది.

"అల్లుడూ, చెయ్యి తియ్యి! బయటికి రా!"

"ఏమైంది అత్తయ్యా?"

"నా బుద్ధి గడ్డి తింది. ముందు రా!"

నాన్న గడప దాటాడు. వెనకే కప్పు నుంచి ఒక చుక్క కరెంటు పెట్టె మీద పడి చిటపటలాడింది. నాన్న పరుగున వెళ్లి గేటు దగ్గరి మెయిన్ స్విచ్ కట్టేశాడు. ఇంజినీరు అడక్కముందే అమ్మమ్మ తప్పు ఒప్పేసుకుంది. సందంతా కోసి, గీకి, మళ్లీ నింపింది. బిగిసేదాకా నిద్రపోలేదు. మళ్లీ నీళ్లు వదిలిన రోజు కరెంటు తీయించి, నాన్నను గేటు బయట నిలబెట్టి, తనొక్కతే ఆ సందు కింద మొహం పైకెత్తి కూర్చుంది. సాయంత్రానికి మొహం తడిసింది, చెమటకే.

ఇదంతా ఆవిడకు చదివి వినిపించాను.

"కాళ్లు వణికాయని రాశావా?"

"దొర్లావని రాశాను."

"వణికాయని రాయి. మిగతావి కోతలు, కొట్టెయ్."