మామిడిపండుకు మూడో రంగు

మా తోటికోడలు పోయింది. జబ్బు అని తెలిసిన కొద్ది వారాలకే. తెల్లవారుతుండగా బావగారు ఫోన్ చేసి, "అమ్మా, మీ అక్క లేదమ్మా" అన్నారు. ఏడ్చాను. ఏడుస్తూనే, ఇక ఆమెను గెలిచే దారి కూడా లేదు గదా అనుకున్నాను. అవును, కుళ్లే. ఆమె పోయినా అది పోలేదు.

అన్నదమ్ములను చేసుకున్న మేమిద్దరం తిరుపతిలో ఒకే చిన్న ఆఫీసులో పనిచేశాం. కార్డు మీద యూజర్ ఎక్స్‌పీరియెన్స్ డిజైనర్లం. మా అత్త మాటల్లో అయితే, "కంప్యూటర్లో మీటలు యాడ బెట్టాల్నో గీస్తారు." గీయడంలో నాదే పైచేయి. ఆ మాట అక్కే అందరికీ చెప్పేది, అదింకా మంట.

ఆఫీసులో పెద్ద డిజైనర్ కుర్చీ ఖాళీ అయింది. ఇద్దరికీ కావాలి. నేను రంగుల మీద పడ్డాను, ఆమె మెషీన్ లెర్నింగ్ మీద పడింది. ఉదాహరణలు చూసి యంత్రం ఎలా నేర్చుకుంటుందో చెప్పే చదువు అది. ఆదివారాలు ఒక రిటైరైన లెక్కల మాస్టారి ఇంటికి వెళ్లేది. పొయ్యి మీద చారు కాగుతుంటే పాత పెళ్లిపత్రికల వెనక లెక్కలు చేసేది. పెన్సిలు కొప్పులో దోపుకునేది. అదీ ఆమెకు అందంగానే ఉండేది, చూడలేక చచ్చేదాన్ని.

"గీసేటోళ్లకి ఆ సదువెందుకక్కా? ఉద్యోగం మారతావా యేంది?" అని ఎత్తిపొడిచాను.

"యాడికీ మారను అమ్మీ. యంత్రం యాడ తడబడతాదో తెల్సుకుంటే, ఆడ మనిషి చెయ్యి పడేట్టు గీయొచ్చు గదా" అంది.

ఆ వేసవిలోనే చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పని వచ్చింది. కెమెరా పండును చూసి మంచిదో చెడ్డదో చెప్పాలి. తెర ముందున్న ఆడవాళ్లు చెడ్డవాటిని తీసేయాలి. తెర ఎవరిది బాగుంటే కుర్చీ వాళ్లదన్నారు. నేను మా ప్రోగ్రామర్‌ను అడిగితే, "మంచిదా, చెడ్డదా, అంతే సెప్తాది మేడం" అన్నాడు. ఆకుపచ్చ, ఎరుపు పెట్టి, కళ్లకద్దుకోవాలనిపించే తెర గీశాను.

అతన్నే ఆమె ఒక్క మాట అడిగింది. "ఎంత నమ్మకంగా సెప్తాది నాయనా?"

అతను గతుక్కుమన్నాడు. ఆ లెక్క యంత్రం లోపల ఉందట. ఎవరూ అడగలేదని చూపించలేదట. ఆమె తన తెర మీద నా రెండు రంగుల మధ్య పసుపు పెట్టింది. యంత్రానికి సందేహం వస్తే పసుపు వెలిగి పండు ఆగుతుంది. మనిషి చూసి మీట నొక్కితే యంత్రం అది నేర్చుకుంటుంది.

పరీక్ష పెట్టిన రోజు, తొక్క మీద మచ్చలున్న పండ్లను నా తెర ఎర్రగా చూపించి గంపలకొద్దీ పారేయించింది. ఆమె తెర పసుపు వెలిగించి ఆగింది. అక్కడ కూర్చున్నామె పండు వాసన చూసి, "అయ్యో, బంగారం మాదిరుండాది!" అని మంచివాటిలో వేసింది. నా కుర్చీ అప్పుడే పోయింది.

తిరుగు బస్సులో, "పచ్చా ఎరుపూ నీవే అమ్మీ. వాటికంటే మంచివి గీయడం నాకు రాదు" అంది. గెలిచి కూడా ఇంత మంచిగా మాట్లాడే మనిషిని ఏం చేయాలి? కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

డిజైనర్లు మెషీన్ లెర్నింగ్ నేర్చుకుంటే లాభమా అని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. ఆమె ఒక్క ప్రోగ్రామూ రాయలేదు, రాయాలనీ అనుకోలేదు. ఎవరికీ తోచని ప్రశ్న అడగడం మాత్రం వచ్చింది. నాకు రాలేదు. ఆమె దగ్గర నేర్చుకుని ఉండొచ్చు, పక్క వంటింట్లోనే ఉండేది. ఆమె నేర్పిస్తానంటే నేను పనుందని లేచిపోయేదాన్ని.

కర్మాంతరాలు అయ్యాక ఆ కుర్చీ నాకిచ్చారు. ఇన్నేళ్లు కోరుకున్నది. కూర్చుంటే ఎత్తు ఆమెకు సరిపోయేలా ఉంది, మార్చబుద్ధి కాలేదు.

మొన్న పట్టుగూళ్లు ఏరే యంత్రానికి తెర గీయమన్నారు. అదే ప్రోగ్రామర్ వచ్చి, "గూడు మంచిదా, చెడ్డదా, అంతే సెప్తాది మేడం" అన్నాడు.

"ఎంత నమ్మకంగా సెప్తాది నాయనా?" నా నోట్లోంచి వచ్చేసింది.

అతను నా వైపు చూడలేదు. చటుక్కున గుమ్మం వైపు చూశాడు. నేనూ చూశాను.