ఆయన నా పేరు అడిగిన రోజు

మూడేళ్ల క్రితం, రెంటచింతల దగ్గర మా ఊళ్లో మావారికి ఆటలమ్మ పోసింది. మిరప బస్తాలు ఒంటిచేత్తో ఎత్తే మనిషిని వేపమండల మీద పడుకోబెట్టాం. ఏడోరోజు ఉదయం, పొక్కులు ఎండుతుండగా, ఆయన నన్ను తేరిపార చూసి, "ఎవరమ్మా నువ్వు? నీ పేరేంది?" అన్నారు.

"అమ్మోరే అడుగుతుందే! దండం పెట్టి చెప్పు" అన్నారు మా అత్తగారు. చేతులు జోడించి చెప్పాను. ఇరుగుపొరుగు వచ్చి ఆయన కాళ్లకు పసుపునీళ్లు పోసి కష్టాలు చెప్పుకున్నారు. మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. కారులో నరసరావుపేట దాకా ఆయన చెవిలో నా పేరు అరుస్తూనే ఉన్నాను.

"వైరస్ మెదడుకు పాకింది. మతి తప్పగానే తీసుకురావాల్సింది" అన్నారు డాక్టరు.

ఆయన బతికారు. ఇప్పటికీ నా పేరు కోసం తడుముకుంటారు. అందించిన ప్రతిసారీ, ఆ ఉదయం జోడించిన ఈ చేతులను నరుక్కోవాలనిపిస్తుంది.