చదివి వినిపించని అర్జీ

హబీబుద్దీన్‌కు ఉన్న చెడ్డ అలవాట్లు రెండు. ఒకటి జర్దా, రెండోది చదివి వినిపించడం. జర్దాను భార్య వహీదాబీ ఎలాగో మాన్పించింది కానీ రెండోదాన్ని మాన్పించడం ఎవరి తరమూ కాలేదు. సిరిసిల్ల తహసీలు ఆఫీసు గోడ పక్కన, రేకుల పంచ కింద బల్ల వేసుకుని ముప్పై ఏళ్లుగా ఆయన అర్జీలు రాస్తున్నాడు. భూమి పహాణీ కోసం చందుర్తి నుంచి వచ్చిన రైతు బస్సు పోతుందని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నా సరే, రాసిందంతా మొదటి నుంచి చివరి దాకా చదివేవాడు. "సమజైందా? గిదేనా నువ్వు చెప్పింది?" అని అడిగేవాడు. ఆ మనిషి తలూపాకే బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దేవాడు. "నీ చదువుల మన్నువడ, బస్సు పాయె గదా సాబ్" అని తిట్టినవాళ్లు బోలెడుమంది. మళ్లీ అవసరం పడితే వచ్చేదీ వాళ్లే.

ఈ పట్టింపు తండ్రి నుంచి వచ్చింది. ఆయన జగిత్యాల మున్సిఫ్ కోర్టు ముందు ఉర్దూ అర్జీలు రాసి రాసి చూపు పోగొట్టుకున్నాడు. వేలు వేసే మనిషికి అక్షరం రాదు కాబట్టి వాడి కళ్లు నువ్వేనని, వినిపించకుండా వేలు పట్టుకుంటే దొంగతనమేనని కొడుక్కి నూరిపోశాడు. అందుకే హబీబుద్దీన్ ప్రతి అర్జీ అడుగునా "చదివి వినిపించగా విని, సరేనని ఒప్పుకొని వేలిముద్ర వేసినారు" అని తప్పకుండా రాసేవాడు. ఆయన బతుకులో ఆ వాక్యం ఒకే ఒక్కసారి అబద్ధమైంది. ఆ ఒక్కసారి ఆయన్ను ఇప్పటికీ తలెత్తుకోనివ్వడం లేదు.

అది 2011. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఆఫీసులన్నిటికీ తాళాలు పడ్డాయి. అర్జీ తీసుకునే నాథుడే లేనప్పుడు రాసేవాడికి పనేముంటుంది? హబీబుద్దీన్ తన బల్ల ఎత్తుకెళ్లి చౌరస్తాలోని దీక్షా శిబిరంలో వేశాడు. శిబిరం నడిపే రాజనర్సు అంతకు ముందు ఆయన్ను "ఓ సాయెబూ" అని కేకేసేవాడు. ఇప్పుడు "చాచా" అని కుర్చీ చూపించాడు. ఆ కుర్చీ ఆయనకు బాగా నచ్చింది. ఢిల్లీకొకటి, హైదరాబాదుకొకటి, రోజుకో అర్జీ రాసి పొద్దున్నే మైకులో చదివేవాడు. ఆ తర్వాత రోజంతా ఊరు వచ్చి సంతకాలూ వేళ్లూ వేసి పోయేది. మైకులో అందరికీ వినిపించాను కదా, ఇక ఒక్కొక్కరికీ మళ్లీ చదవడమెందుకని ఆయనే తనకు సర్దిచెప్పుకున్నాడు. అలవాటు సడలింది అక్కడే.

బతుకమ్మ పండుగ నడుస్తున్న రోజుల్లో నీల కనబడకుండా పోయింది. ఏడేళ్ల పిల్ల. సాంచాల కార్ఖానా, అంటే మరమగ్గాలు, నడిపే విఠల్ ఒక్కగానొక్క కూతురు. రెండో రోజు ఊరి బయట పాడుబడ్డ బావిలో శవమై దొరికింది. చెవులకు కమ్మలు లేవు. ఆ కమ్మలు విఠల్ దగ్గరే సాంచాలు నడిపే నరేశ్ జేబులో దొరికాయి. ఇరవై రెండేళ్ల వాడు. పోలీసులు అడిగితే ఒప్పుకున్నాడు.

ఊరు ఊరంతా భగ్గుమంది. రాజనర్సు శిబిరంలో ఉరి అర్జీ రాయించాడు. రాయించడమేమిటి, హబీబుద్దీనే ముందుకొచ్చి రాశాడు. కోరుట్లలో ఉన్న కూతురు నాహీద్ బిడ్డ అల్ఫియాకూ ఏడేళ్లే. రాస్తున్నంతసేపూ ఆ పిల్లే కళ్ల ముందు ఆడింది. "ఇటువంటి వానికి ఉరి తప్ప మరే శిక్షా న్యాయం కాదు. వీడు బతికి ఉన్నన్నాళ్లు మా పిల్లలను గడప దాటించలేము" అని రాసి మైకులో రెండుసార్లు చదివాడు. ఆ కోపంలో కల్తీ లేదు. ఇన్నేళ్లలో తను రాసిన అర్జీలన్నిటిలో ఇదే గొప్పదని లోలోపల మురిశాడు కూడా. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతాడు.

నరేశ్ తల్లి మల్లవ్వ ఆ మధ్యాహ్నం శిబిరానికి వచ్చింది. భర్త లేని మనిషి. విఠల్ కార్ఖానాలోనే సాంచాలకు నూలు కండెలు చుట్టి కొడుకును పెంచింది. కొడుకును పట్టుకెళ్లిన నాటి నుంచి ఆమెకు పని లేదు, పలకరింపు లేదు. నలుగురిలో కూర్చుంటే నలుగురూ మనిషిగా చూస్తారేమోనని ఆశపడి శిబిరంలో ఓ మూలకు వచ్చి కూర్చుంది. పొద్దున మైకు మోగినప్పుడు ఆమె అక్కడ లేదు.

రాజనర్సు ఆమెను చూశాడు. హబీబుద్దీన్ చెవి దగ్గర వంగి, "చాచా, తల్లి వేలు పడితే గీ అర్జీకి తిరుగుండదు" అన్నాడు. తర్వాత గట్టిగా పిలిచాడు. "మల్లవ్వా, గిటు రా. గీడ వేలు పెట్టు."

వారం రోజుల తర్వాత పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి అతనే. ఆమె చెంగుతో చేయి తుడుచుకుంటూ గబగబా వచ్చింది. కొడుకు పట్టుబడక ముందే ఆ శిబిరంలో ఏడెనిమిది అర్జీల మీద వేలు వేసింది. బొటనవేలు తనే ముందుకు చాచి, "గిది గూడ మన తెలంగాణదే గదా సాబ్?" అంది.

చుట్టూ ఓ పదిమంది ఉన్నారు. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. నీ కొడుకును ఉరితీయమని రాసి ఉంది అవ్వా అని ఆమె ముఖం మీద చదివే గుండె ఆయనకు లేదు. వద్దులే, వెళ్లి కూర్చో అని పదిమంది ముందు ఆమెను వెనక్కి పంపే గుండె అసలే లేదు. అలా పంపితే ఆ కుర్చీ ఏమవుతుందోనన్న బెంగ కూడా ఓ మూల ఉంది. హబీబుద్దీన్ "ఊఁ" అన్నాడు. ఆమె వేలు పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తాడు.

రెండు రోజులకు పేపరు జిల్లా పేజీలో వచ్చింది, కొడుకును ఉరితీయాలని కోరిన తల్లి అంటూ. ఊరు ఒక్కసారిగా మల్లవ్వ వైపు తిరిగింది. ఎదురుపడ్డ ఆడవాళ్లు చేతులు పట్టుకున్నారు. పరశురాములు అనే ఆసామి పిలిచి మరీ తన కార్ఖానాలో కండెలు చుట్టే పని ఇచ్చాడు. ఉరి మాట ఆమె ముందు ఎవరూ ఎత్తలేదు. పేపరు చదవలేని మల్లవ్వ, జనానికి తన మీద జాలి కలిగిందనుకుంది. ఓసారి దారిలో హబీబుద్దీన్‌ను ఆపి, "మనోళ్లు మంచోళ్లు సాబ్, నన్ను యిడిచిపెట్టలే" అంది. ఆయన చెప్పుల వంక చూస్తూ తలూపి, పని ఉన్నట్టు వెళ్లిపోయాడు.

బక్రీదుకు కోరుట్ల వెళితే నాహీద్ ఆ పేపరు దాచి ఉంచింది. ఆమెకు నాన్న సంగతి బాగా తెలుసు. అన్నం వడ్డిస్తూ ఉర్దూలో అడిగింది, "అబ్బా, మీరు చదివి వినిపిస్తుంటే ఆ తల్లి ఎలా విన్నది?" అని. పక్కనే అల్ఫియా తాత ముఖంలోకి చూస్తోంది. ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. నాహీద్ గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. కూతురికి అర్థమైపోయింది. పండుగ పూట ఆ ఇంట్లో ఇంకో రాత్రి ఉండలేక ఆయన సాయంత్రం బస్సుకే తిరిగొచ్చాడు.

సమ్మె అప్పటికే ముగిసి, బల్ల మళ్లీ రేకుల పంచ కిందికి చేరింది. ఆ వారంలోనే మల్లవ్వ అక్కడికి వచ్చింది.

"కరీంనగర్ జైలుకు పోయిన సాబ్. పోరడు నా మొఖం సూడనన్నడట. ఎందుకో ఎరుకలేదు. జాబు రాసియ్యి."

"ఏమని రాయాలె?"

"తింటున్నవా అని రాయి. జెరమేమన్న అచ్చిందా అని రాయి. చేసింది పాడుపని, గని నేను నీ అవ్వనే అని రాయి."

రాశాడు. అలవాటుగా చదవబోయాడు. మొదటి వరుస దగ్గరే ఆగిపోయాడు. కాగితం కింద పెట్టి, జరిగిందంతా చెప్పేశాడు. శిబిరంలో ఆమె వేలు పడ్డ కాగితం దేనికో, తను ఊఁ అని ఎందుకన్నాడో, పేపర్లో ఏమొచ్చిందో, కొడుకు ముఖం చూడనన్నది దేనికో అన్నీ చెప్పాడు.

"గా కాయితం గిప్పుడు చదువు" అంది మల్లవ్వ.

నకలు సొరుగులోనే ఉంది. తీసి చదివాడు. తను మురిసిపోయిన మాటలన్నీ ఆమె ముందు ఒక్కొక్కటీ పలకాల్సి వచ్చింది. చివరి వాక్యం దగ్గర ఆపబోతే, "మొత్తం చదువు" అంది. చదివి వినిపించగా విని, సరేనని ఒప్పుకొని అన్నది కూడా చదివాడు.

మల్లవ్వ తన బొటనవేలిని చూసుకుంది. "నీల నా ఒళ్లెనే పండేది సాబ్. ఒక చేత్తోని కండె చుట్టుకుంట ఇంకో చేత్తోని జో కొడుతుంటి. గా పొల్ల యాదికస్తే వాడు సావాలెననే అనిపిస్తది. మల్ల వాడు నా కడుపుల తిరిగింది యాదికస్తది. నువ్వు చదివి అడుగుతే ఏమందునో నాకే ఎరుకలేదు. పెడుదునో పెట్టకపోదునో. గని మీరు నన్ను అడుగకపోతిరి."

హబీబుద్దీన్ చేతులు జోడించాడు. "పేపరోళ్లకు చెప్త అవ్వా. మోసం చేసింది నేనేనని చౌరస్తల నిలబడి చెప్త."

"చెప్పకు" అందామె వెంటనే. "గా కాయితం జూసే గదా నాకు పనిచ్చింది. నేను కోరలేదంటే రేపటి సంది కండె ముట్టనియ్యరు. నీ బరువు దించుకునుడుకు నా కూడు తియ్యకు. పోరనికొక్కనికి రాయి."

ఆయన ఆ జాబు చింపేసి, తన పేరు పెట్టుకుని నరేశ్‌కు ఇంకొకటి రాశాడు. మీ అమ్మకు నేను చదివి వినిపించలేదు అని రాశాడు. మరుసటి నెల నరేశ్ తల్లిని చూశాడు. ఏం మాట్లాడుకున్నారో ఆమె చెప్పలేదు, అడిగే ముఖం ఆయనకు లేదు.

2013లో కోర్టు నరేశ్‌కు ఉరిశిక్ష వేసింది. హబీబుద్దీన్ తీర్పు నకలు సంపాదించి రెండుసార్లు వెతికాడు. తన అర్జీ ప్రస్తావన ఎక్కడా లేదు. కోర్టు అలాంటివి చూడదని వకీలు కూడా చెప్పాడు. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఉరి న్యాయమా కాదా అంటే ఆయన దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. విఠల్ ఎదురైన రోజు న్యాయమే అనుకుంటాడు. అయితే అది కోరడానికి ఒక తల్లి వేలు దొంగిలించినవాడికి ఆ మాట అనే హక్కు లేదని మాత్రం ఆయనకు తెలుసు.

పైకోర్టులో అప్పీలు తేలకముందే తెలంగాణ వచ్చింది. 2014 జూన్ రెండున చౌరస్తాలో సభ పెట్టి ఉద్యమంలో పనిచేసినవాళ్లను సన్మానించారు. తను రానని హబీబుద్దీన్ రెండుసార్లు చెప్పినా రాజనర్సు ఇంటికొచ్చి చేయి పట్టుకుని తీసుకెళ్లాడు. రానిది ఎందుకో చెబితే మల్లవ్వ పని పోతుంది. చెప్పకపోతే వేదిక ఎక్కాలి.

ఎక్కాడు. రాజనర్సు మైకు అందుకున్నాడు. "చాచా కలం మామూలు కలం గాదు. కన్నతల్లే కొడుకును ఉరితియ్యమని వేలు పెట్టిందంటే అది చాచా రాసిన అర్జీ మీదనే" అన్నాడు. శాలువా భుజాల మీద పడింది. జనంలో ఆడవాళ్లు కొందరు వెనక్కి తిరిగి మల్లవ్వను చూశారు. పరశురాములు కూడా చూశాడు. మల్లవ్వ చేతులు పైకెత్తి, అందరితో పాటు చప్పట్లు కొట్టింది. హబీబుద్దీన్ ఆ శాలువాతోనే వంగి జనానికి దండం పెట్టాడు.