తీతువు గుడ్ల పక్కన వేపకొమ్మ

నిన్న మిర్యాలగూడలో బస్సు కోసం నిలబడి ఉండగా, రోడ్డు పక్క ఖాళీ జాగాలోంచి ఒక తీతువు అరిచింది. ఇన్నేళ్లయినా ఆ అరుపు నన్ను వదల్లేదు.

సెలవులంటే మేనమామ ఊరే అనుకున్న మన తరం వాళ్లకు చెబితే అర్థమవుతుంది. రెండువేల ఆరులో, పదో తరగతి పరీక్షలు రాసి, సూర్యాపేట నుంచి మాడుగులపల్లి దగ్గరి మామ ఊరికి వెళ్లాను. నలుగురిలో గొంతు పెగలని పిల్లను కనుక, డైరీ పట్టుకుని రెండు గుట్టల నడుమ ఉన్న లోయలో పిట్టలను చూస్తూ కూర్చునేదాన్ని. అక్కడ ఒక చేను అంచున, గులకరాళ్లలో గులకరాళ్లలాగే ఉన్న నాలుగు గుడ్లను తీతువు కాచేది. ఎండ ముదిరితే కుంటలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి మరీ వాటిని చల్లబరిచేది. గొర్రెలు తోలుకొస్తూ మామ నవ్వేవాడు.

"ఏందే కోడలుపిల్లా, పిట్టకు సంబంధం సూస్తున్నవా?"

నేను తల వంచుకునేదాన్ని.

తొలకరికి ముందు రైతులు చేలల్లో మంద పెట్టించుకునేవారు. గొర్రెలు రాత్రంతా పడుకున్న నేలకు వాటి పెంటికలే ఎరువు. ఆ సాయంత్రం మంద లోయలోని చేనుకే పోతుందని అత్త అనగానే గుడ్లు కళ్ల ముందు మెదిలాయి. మామతో చెప్పడానికి సిగ్గు. చూసి తప్పుకుంటాడులే అని, పరుగున పోయి గుడ్ల పక్కన ఒక వేపకొమ్మ పాతి వచ్చాను.

తెల్లవారి వెళ్లేసరికి తడకల దొడ్డి సరిగ్గా ఆ కొమ్మ చుట్టూనే ఉంది. పైన తీతువు గొంతు చించుకుని తిరుగుతోంది. గొర్రెలను జరిపి చూస్తే, పెంటికల మధ్య పచ్చసొన అంటిన పెంకులు. మామ వైపు తిరిగి, కొమ్మ నేనే పాతానని ఎట్లాగో అన్నాను.

మామ ముఖం పాలిపోయింది. "అయ్యో బిడ్డా! మంద గీడ పెట్టుమని రైతు పాతే గుర్తు గదనే అది! కొమ్మ ఉన్నకాడనే దొడ్డి కట్టుడు మా రివాజు. గుడ్లున్నయి మామా అని ఒక్క మాటంటే, గా ఒడ్డుకు కట్టకపోదునా?"

కాపాడాలని పాతిన చేతులను చూసుకుంటూ అక్కడే కూలబడ్డాను. డైరీలో ఆనాటి పేజీ మీద ఒక్క అక్షరం రాయలేదు.

మామ గొర్రెలను ఎప్పుడో అమ్మేశాడు. చేలకు ఎరువు బస్తాల్లో వస్తోంది. లోయలో దొడ్డి కట్టేవాళ్లు లేరు. ఇప్పుడు ఎవరితోనైనా జంకకుండా మాట్లాడతాను గానీ, ఒక పిట్ట కోసం మందనే పక్కకు మళ్లించే మనిషి ఎదురుగా ఉన్న కాలంలో, నేను నోరు తెరవలేదు.