గంజులో ఉమ్మగిల్లిన కెమెరా

తెలంగాణ కోసం జనం సిద్దిపేట రోడ్డు మీద వంటావార్పు చేస్తుంటే మా బస్సు ఆగిపోయింది. నా మెడలో కొత్త ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఉంది. పాత కెమెరాతో నిలబడ్డంత దూరంలో నిలబడితే, నేను పిలవని వాళ్లంతా అంచుల్లోంచి ఫోటోలోకి వచ్చేస్తున్నారు. ఎందుకు కొన్నానా అని గొణుక్కుంటూనే తీశాను.

ఫోటోలు చెరిపెయ్యమని అరుస్తూ ఒక పోలీసు జనంలోంచి నావైపు బయలుదేరాడు. అతను చేరేలోపే, పొయ్యి దగ్గరున్న ఒక ముసలమ్మ నా కెమెరా లాక్కుని ఖాళీ అన్నం గంజులో పెట్టి మూతేసింది.

"కెమెరా ఏది? గా గంజు మూత తియ్యి," అన్నాడు పోలీసు.

"అన్నం ఉమ్మగిల్లుతుంది బిడ్డా. ఇప్పుడు తీస్తే పలుకైతది. ఆకలైతే గీడ కూసో, విస్తరేస్త."

అతను కూర్చుని తిన్నాడని అందరికీ చెబుతుంటాను. నిజానికి కాసేపు మూతను చూసి వెళ్లిపోయాడు.

ఆమె కెమెరా తిరిగిచ్చింది. "గా కొసకు కూసున్నోళ్లు గూడ పడ్డరా?"

"అందరు పడ్డరవ్వా."

"ఒక్కల్ని గూడ తీసెయ్యకు."

చెప్పినప్పుడల్లా ఆ గంజు కొంత పెద్దదవుతోంది. ఫోటో అంచులు మాత్రం ఇప్పటికీ కత్తిరించలేదు.