తలుపు లేని చెత్త సొరుగు

ఒక ఇంటి ముందుగది చూస్తే ఆ ఇంటివాళ్ళు మనకు ఏం చూపించాలనుకుంటున్నారో తెలుస్తుంది. చెత్తబుట్ట చూస్తే ఏం దాచుకోవాలనుకుంటున్నారో తెలుస్తుంది. ఈ మాట టేపు మావయ్యది. వేల ఏళ్ళ కిందటి పట్టణాలను తవ్వేవాళ్ళు కూడా కోట గోడల మీద చెక్కిన గొప్పల కంటే ఊరి వెనక పెంటకుప్పనే ఎక్కువ నమ్ముతారని ఆయన ఎక్కడో చదివాడు. చదివిన రోజు నుంచి ఆ సంగతిని తన వృత్తికి దొరికిన బిరుదులా చెప్పుకుని తిరిగాడు.

వృత్తి అంటే వంటిళ్ళలో అలమరలు, సొరుగులు అమర్చడం. నడుముకు ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుండేది గనుక పిల్లలు పెట్టిన పేరు టేపు మావయ్య. పెళ్ళికి వెళ్ళినా ఆ టేపు వెంట ఉండాల్సిందే. భోజనాల బల్ల ఎత్తు సరిగా లేదని పెళ్ళివారితో వాదించిన చరిత్ర కూడా ఉంది.

అన్ని అలమరలూ ఒక ఎత్తు, చెత్త సొరుగు ఒక్కటే ఒక ఎత్తు ఆయనకు. మిగతా పనివాళ్ళు సింకు పక్కన ఎంత జాగా మిగిలితే అంతలో రెండు డబ్బాలు ఇరికించి, ఇదిగో తడిది, ఇదిగో పొడిది అని చేతులు దులుపుకుంటారు. ఈయన అలా కాదు. పని ఒప్పుకునే ముందు ఇంటివాళ్ళ చేత నేల మీద పాత దుప్పటి పరిపించి, ఆ రోజు చెత్తంతా దాని మీద గుమ్మరించమనేవాడు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, గొంతుక్కూర్చుని, తొక్కలూ ఎంగిళ్ళూ ఒక కుప్ప, కాగితాలు ఒక కుప్ప, ప్లాస్టిక్, సీసాలు ఇంకో కుప్ప, పేకముక్కలు పంచినట్టు విడదీసేవాడు. ఏ కుప్ప ఎంత ఎత్తు లేచిందో చూసి, దాన్నిబట్టి ఏ డబ్బా ఎంత ఉండాలో తేల్చేవాడు. ఆయన పెట్టిన డబ్బా మరీ ఖాళీగా ఉండేది కాదు, పొంగి పొర్లేదీ కాదు.

అంతవరకే అయితే బాగుండేది. కుప్పలు విడదీస్తూ జాతకం చెప్పినట్టు చెప్పేవాడు.

"అయ్యగారు సిగరెట్లు మానేశారన్నారు కదమ్మా? అయితే ఎవరో దొంగ వచ్చి, కాల్చుకుని, పీకలు ఇక్కడ పడేసి పోతున్నాడు. కిటికీకి ఊచలు పెట్టించండి."

ఇల్లంతా ఘొల్లుమనేది. ఆయన కొలతల కంటే ఆ మాటలకే పేరొచ్చింది. కొంతమంది చుట్టుపక్కల వాళ్ళను పిలిచి మరీ దుప్పటి పరిచేవారు. ఆ నవ్వుల్లో నవ్వని మొహం ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉండేదని ఇప్పుడు తలచుకుంటే ఆయనకు గుర్తొస్తోంది. అప్పట్లో ఆయన చూపు కుప్పల మీదే.

ఆయనకు ఒక్కతే చెల్లెలు. భార్య పోయాక ఆదివారం భోజనం ఆమె ఇంట్లోనే. ఆమె వంటకు చుట్టాల్లో గొప్ప పేరు. ఉప్పు చూడకుండా, చెంచా పట్టకుండా, వాసన పీల్చి "ఇంకా కాలేదు" అనో "దించెయ్యొచ్చు" అనో చెప్పేది. తల్లి కూడా అచ్చం అలాగే చేసేది. అమ్మ ఫోటో తన ఇంట్లో గోడకు ఉన్నా, అమ్మను చూడాలనిపిస్తే టేపు మావయ్య చెల్లెలి ఇంటికి భోజనానికే వెళ్ళేవాడు.

ఆ చెల్లెలు వంటిల్లు మార్పించుకోవాలనుకుంది. మిగతావాటిలో ఏ పట్టింపూ లేదు. రంగు నీ ఇష్టం, పిడులు నీ ఇష్టం అంది. చెత్త సొరుగు దగ్గర మాత్రం పట్టుబట్టింది.

"పెద్దది కావాలి అన్నయ్యా. ప్లాస్టిక్ వేసే డబ్బా మరీ పెద్దది. మూత బిగువుగా ఉండాలి. ముందు తలుపు దానంతట అది మూసుకుపోవాలి. చూసినవాళ్ళకి అక్కడ చెత్తబుట్ట ఉందనే తెలియకూడదు."

"ఇద్దరు మనుషులకి అంత డబ్బా ఏంటే? ఏనుగును గానీ పెంచుతున్నారా?"

"పెట్టమన్నది పెట్టొచ్చు కదా. ఇల్లు నాది."

"ఇల్లు నీదే. కొలత నాది. దుప్పటి తే, తేలుస్తాను."

"నా ఇంట్లో ఆ గుమ్మరించడాలు వద్దు అన్నయ్యా" అంది చెల్లెలు, గట్టు తుడుస్తూ, తలెత్తకుండా.

సిగ్గుపడుతోందనుకున్నాడు. ముందుగదిలో ఆమె భర్త పేపరు చదువుతున్నాడు. కొన్నాళ్ళుండి పోదామని వచ్చిన ఆడపడుచు పక్కన కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటోంది. వంట దగ్గర వదినతో ఆమెది పాత పోటీ. ఏ విందులో ఎవరి కూర ముందు అయిపోయిందో ఇద్దరికీ ఇప్పటికీ గుర్తే.

భర్త పేపరు మడిచి లేచొచ్చాడు. "కానివ్వండి బావగారూ. ఊరంతా చూసిన సర్కస్సు మేమే చూడలేదు."

"అన్నయ్యా, వద్దు" అంది చెల్లెలు మళ్ళీ. ఆ ఒక్కసారే. అప్పటికే ఆడపడుచు పాత దుప్పటి తెచ్చి పరిచేసింది.

తడి కుప్పతో మొదలుపెట్టాడు. టీ పొడి, గుడ్డు పెంకులు. సగానికి కోసి, అలాగే వదిలేసిన ఉల్లిపాయలు. నలిపి పారేసిన లవంగాలు. గోళ్ళ గాట్లు పడిన నిమ్మతొక్కలు. "ఉల్లిపాయలు కోసి పారేసేంత కలిగినవాళ్ళయిపోయారా మీరు?" అని ఒక చిన్న విసురు విసిరి ముందుకు పోయాడు. అడుగున పాత పేపర్లో చుట్టిన మూట తగిలింది. విప్పాడు. కడిగి, ఒకదాంట్లో ఒకటి పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలు. ప్రతి మూత మీదా, సందు చివర వండిన కూరలు అమ్మే కొట్టు చీటీ అతికించి ఉంది.

వాదన గెలిచినవాడి ఉత్సాహం ఎంత చెడ్డదో, దాన్ని అనుభవించేటప్పుడు ఎవరికీ తెలియదు.

"ఓహో, పెద్ద డబ్బా ఎందుకో ఇప్పుడు తెలిసింది. బావగారూ, పోయిన ఆదివారం మీరు వేళ్ళు నాక్కుంటూ తిన్న కూర ఎవరి చేతిదనుకున్నారు? సందు చివర కొట్టువాడిది. ఇక నుంచి మెచ్చుకోళ్ళు అక్కడికి పంపించండి."

భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆడపడుచు అందుకుంది. "అదేంటి వదినా, మొన్న మసాలా ఎలా వేశావంటే కొలతలతో సహా చెప్పావు కదా? కొట్టువాణ్ణి అడిగి చెప్పావా?"

చెల్లెలు కూడా నవ్వింది. "దొరికిపోయాన్లే" అని డబ్బాలు ఏరి, మళ్ళీ పేపర్లో చుట్టింది. తర్వాత సింకు దగ్గర నిలబడి చేతులు కడుక్కుంది. కొళాయి చాలాసేపు అలా పోతూనే ఉంది. ఆయన అప్పటికి సొరుగు బొమ్మ గీసుకుంటున్నాడు. చిన్న సొరుగు.

తర్వాతి ఆదివారం బల్ల మీద గిన్నెలు లేవు. కూరల కొట్టు డబ్బాలు, మూతలు కూడా తీయకుండా, చీటీలు కనపడేలా పెట్టి ఉన్నాయి.

"ఇదేంటే?"

"తిను అన్నయ్యా. ఎవరి చేతిదో నీకు తెలుసు కదా."

కోపం అనుకున్నాడు, రెండు రోజుల్లో దిగుతుందనుకున్నాడు. దిగలేదు. ఆదివారాలు గడిచాయి, డబ్బాలు మారలేదు. చివరకు బావగారే వర్క్‌షాపుకు వెతుక్కుంటూ వచ్చాడు. రంపపు పొట్టు దులిపి స్టూలు వేస్తే కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"ఆ మధ్య మీ చెల్లెలికి జ్వరం వచ్చింది చూడండి బావగారూ, అప్పట్నుంచి దానికి ముక్కు పని చెయ్యట్లేదట. వాసన లేదు, రుచీ లేదు. నాకు కూడా చెప్పలేదు. మా చెల్లెలు వెళ్ళేదాకా ఓపిక పట్టి, నిన్న ఏడుస్తూ చెప్పింది." ఇంకేదో అనబోయి ఆగి, "నేను కూడా తెగ నవ్వానండి ఆ రోజు" అన్నాడు.

ఆయన వెళ్ళాక టేపు మావయ్య చేతిలో ఉలి అలాగే ఉండిపోయింది. కోసి వదిలేసిన ఉల్లిపాయలు. నలిపిన లవంగాలు. గోటితో గిల్లిన నిమ్మతొక్కలు. రోజూ పొద్దున్నే ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటోంది పిచ్చిది, ఈ రోజైనా తెలుస్తుందేమోనని. ఆ దుప్పటి మీద అంతా ఉంది. తవ్వి తీసే విద్య తనకు వచ్చనుకున్నవాడు సగం చదివి, చదివిన సగాన్నే నలుగురిలో పైకి చదివి వినిపించాడు.

ఆ సాయంత్రమే వెళ్ళాడు. చెల్లెలు బట్టలు మడతపెడుతోంది.

"నాతోనైనా ఒక్క ముక్క చెప్పొచ్చు కదే" అన్నాడు. అలా అనకూడదని అన్నాకే తెలిసింది. తప్పు ఆమె మీదికి తోసినట్టయింది.

ఆమె మడత ఆపలేదు. "చెప్దామనే అనుకున్నాను. వాసన తెలియనిదాన్ని పొయ్యి దగ్గరకి ఎవరు రానిస్తారు? గ్యాస్ వాసన కూడా తెలియదు దీనికి అని పక్కకు తప్పిస్తారు. మళ్ళీ వచ్చేదాకా ఎలాగో నెట్టుకొద్దామనుకున్నా. నువ్వొక్కడివే ఇక్కడ సొరుగు పని చేసుకుంటున్నప్పుడు నీకు చెప్దామనుకున్నా. లేకపోతే చెత్త డబ్బా కోసం నీతో అంత గొడవ పడతానా? తయారుగా ఉన్న చెత్త డబ్బాలు బజార్లో బోలెడు దొరుకుతాయి కదా."

ఆయన టేపు లాగి వదిలాడు, లాగి వదిలాడు.

"అది ఆపు అన్నయ్యా. చెవులు పనిచేస్తున్నాయి నాకు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆయనకు. వచ్చేశాడు.

సొరుగు మళ్ళీ చేశాడు. ఈసారి ఆమె అడిగినంత పెద్దది, ప్లాస్టిక్ డబ్బా మరీ పెద్దది. చప్పుడు చెయ్యని పట్టాలు వేశాడు. బిగువైన మూత పెట్టాడు. తలుపుకు మాత్రం తను దాచిపెట్టుకున్న మంచి చెక్క వాడాడు; పక్క అలమరల గీతలతో దాని గీత కలిసిపోయేలా రంపం పట్టాడు. మూస్తే అక్కడ తలుపుందని తనకే తెలియకూడదు. అంత నాజూకు పని ఎవరికీ చేసి ఉండడు. అన్నీ బిగించి, తలుపు ఎత్తి పెట్టబోతుంటే చెల్లెలు వచ్చి నిలబడింది.

"తలుపొద్దు."

"నువ్వడిగిందేగా."

"అడిగినప్పుడు దాచడానికి ఉంది. ఇప్పుడెందుకు? మూత కూడా తీసెయ్. అందరూ చూసినదేగా."

కసిగా అని ఉంటే బతిమాలేవాడు. కూరగాయలు ఏవి తేవాలో చెప్పినంత మామూలుగా అంది. మడతబందులు విప్పాడు. తలుపును దుప్పట్లో చుట్టి మళ్ళీ వర్క్‌షాపుకు మోసుకుపోయాడు. మంచి చెక్క గదా, మరో పనికి కోసుకుందామని ఎన్నిసార్లో అనుకున్నాడు. ఇప్పటికీ అది గోడకు ఆనించే ఉంది.

ఆ తర్వాత ఆయన ఎవరింట్లోనూ చెత్త గుమ్మరించలేదు. ఎంత డబ్బా కావాలమ్మా అని అడగడం, అంతే చెయ్యడం. కొందరివి ఖాళీగా ఉంటాయి, కొందరివి పొంగుతాయి. టేపు మావయ్యకు వయసు మీదపడిందని, ఇదివరకటి సరదా లేదని జనం అనుకుంటున్నారు. అనుకోనిస్తాడు.

మొన్న ఒక ఆదివారం చెల్లెలే ఫోన్ చేసింది. "వంట చేశాను. రా."

బావగారు ఊళ్ళో లేడు. బల్ల మీద గిన్నెలు ఉన్నాయి, మూతల కింద నుంచి ఆవిరి వస్తోంది. తలుపు లేని సొరుగులో డబ్బాలు రెండూ నోళ్ళు తెరుచుకుని ఎదురుగా కనిపిస్తున్నాయి. ఏం పారేసినా కూర్చున్నచోటి నుంచి కనపడుతుంది.

మొదటి ముద్దలోనే తెలిసింది. ఉప్పు రెండుసార్లు పడింది. చెల్లెలు ఎదురుగా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని చూస్తోంది.

"బాగుంది" అన్నాడు.

ఆయన తిన్నాడు. వదిలేస్తే ఎక్కడ పడుతుందో ఇద్దరికీ ఎదురుగానే ఉంది. ఇంకొంచెం వెయ్యమని కంచం ముందుకు జరిపాడు. గ్లాసుతో నీళ్ళు తాగాడు. మళ్ళీ వంపుకుని తాగాడు. ఇంకా తీరక జగ్గు వైపు చెయ్యి చాపాడు.

చెల్లెలు ఆ జగ్గును తన వైపు జరుపుకుంది.

"ఉప్పెక్కువైంది కదూ అన్నయ్యా?"

కంచంలోకి చూశాడు. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. ఆ దుప్పటి రోజున కూడా ఇలాగే ఇద్దరే ఉన్నప్పుడు, మెల్లగా, తను అడగాల్సింది, ఆమె చెప్పాల్సింది. ఇప్పుడది తిరగబడింది: అడుగుతున్నది ఆమె, చెప్పాల్సింది తను.

"ఎక్కువైందే" అన్నాడు.

"ఎంత?"

చెయ్యి అలవాటుగా నడుము మీదికి పోయింది. అక్కడున్న టేపుతో కొలిచేది కాదది.

"నువ్వు వెయ్యబోయేముందు నన్ను పిలువు" అన్నాడు. "వచ్చి చూస్తాను."

"రోజూ వస్తావా?"

"వస్తాను."

"చూద్దాం" అంది. జగ్గు ఆయన వైపు జరిపి, లేచి, మిగిలిన కూర గిన్నె తీసుకుని వెళ్ళి తడి డబ్బాలో వంచేసింది. ఆయన చూస్తుండగానే.