వరస కానివాడి పిలుపు

నా చిన్నప్పుడు మా నాన్న చనిపోయిన మర్నాడు, ఆయన్ను నిద్రలేపగల ఒకే ఒక్క మనిషిని మా పెదనాన్న పిలవనివ్వలేదు. అది అన్యాయం. నాకు అరవై ఆరేళ్ళొచ్చాయి. ఇప్పటికీ అన్యాయమే అంటాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. భిలాయ్‌లో ప్లాంటువాళ్ళ క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రోలింగ్ మిల్లులో చేరాడు. ఆయన కింద నిలబడి చేత్తో సైగ చేస్తుంటే, పైన క్రేన్ నడిపేది మా వీధి చివరాయన. ఆయన ముస్లిం, రాయ్‌పూర్ వైపు మనిషి. తెలుగంతా మా నాన్న దగ్గరే నేర్చుకున్నాడు. అన్నిటికంటే ముందు నేర్చుకున్న మాట 'బావా'. నాన్న సరదాకి నేర్పితే అదే ఖాయమైపోయింది. ఆ లెక్కన ఆయన నాకు మావయ్య, నేను ఆయనకి అల్లుణ్ణి.

నాన్నది మొద్దునిద్ర. అమ్మ కుదిపినా, మొహాన నీళ్ళు చల్లినా అటు తిరిగి పడుకునేవాడు. పొద్దుటి షిఫ్టుకి వెళ్తూ మావయ్య మా గేటు దగ్గర సైకిల్ ఆపి గంట కొట్టేవాడు. మొదటి గంటకి నాన్న కదిలేవాడు కాదు. రెండో గంట, వెనకే "ఓ బావా, చలో!" అని కేక. అంతే, దుప్పటి తన్నేసి లేచి కూర్చునేవాడు. "తాళి కట్టింది నాకు, మాట ఇనేది ఆయనది. బాగుంది సంబడం!" అని అమ్మ రోజూ సణిగేది. సణుగుతూనే ఆయనకీ ఒక గ్లాసు టీ గేటు దగ్గరికి పంపేది.

పెదనాన్న ఆఫీసులో గుమస్తా. శనివారాలు తెలుగువాళ్ళ భజన హాల్లో ఉపన్యాసం చెప్పేవాడు. మంచి గొంతు. మతాలు ఎన్నున్నా చేరేది ఒక్కడి దగ్గరికే, ఏ పేరుతో పిలిచినా వాడే పలుకుతాడు అని రెండు చేతులూ ఎత్తి చెప్పేవాడు. మావయ్య చెప్పులు బయట విడిచి నాన్న పక్కన కూర్చునేవాడు, ప్రసాదం శనగలు కళ్ళకద్దుకుని తినేవాడు. పెదనాన్న మధ్యలో ఆయన్ని చూపించి, "ఇదిగో, దీనికి ఈయనే సాక్ష్యం" అంటే జనం చప్పట్లు కొట్టేవారు. నేనూ కొట్టాను.

ఒకరోజు నాన్న రాత్రి డ్యూటీ చేసి వచ్చి, చద్దన్నం తిని పడుకున్నాడు. సాయంత్రం లేవలేదు. డాక్టరొచ్చి గుండె ఆగిపోయిందన్నాడు. అమ్మ ఆ మాట విననట్టే నా భుజం పట్టుకుని, "మీ మావయ్యని తీసుకురారా. ఆయన పిలిస్తే లేస్తాడు" అంది. మావయ్య చెల్లెలి పెళ్ళికి ఊరెళ్ళాడు. కబురు పంపారు. నేను ఏడవలేదు. ధైర్యం ఉండి కాదు, నాకేమీ తెలియలేదు. ఆయనొస్తాడు, గంట కొడతాడు, నాన్న లేస్తాడు. మర్నాడు మధ్యాహ్నం పాడె ఎత్తేదాకా గేటు వైపే చూస్తూ కూర్చున్నాను.

ముందు నేను నిప్పుకుండ పట్టుకుని నడిచాను. ఆ నడక గురించి నాకు గుర్తున్నది కుండ వేడి ఒక్కటే. సగం దారిలో రోడ్డు పక్కన పాడె దింపారు. దింపుడు కళ్ళం అంటారు. ప్రాణం ఏ మూలైనా మిగిలుంటే పలుకుతుందని, అయినవాళ్ళు చెవిలో తమ వరసతో మూడుసార్లు పిలుస్తారు. పెదనాన్న "తమ్ముడూ" అని మూడుసార్లు పిలిచాడు. నన్ను వంగదీసి "నాన్నా అనరా" అన్నాడు. అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

అప్పుడొచ్చాడు మావయ్య. భిలాయ్ పవర్ హౌస్ స్టేషన్‌లో రైలు దిగి, స్టాండులో పెట్టిన సైకిల్ తీసుకుని తొక్కుకుంటూ వచ్చాడట. పెళ్ళికి వేసుకున్న కొత్త చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. సైకిల్ రోడ్డు పక్కన వదిలి, తిన్నగా వచ్చి నాన్న తల దగ్గర వంగబోయాడు. పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వాగు. వరసైనోళ్ళు పిలవాల."

"నేను బావని కదా, అన్నా."

"ఏటి, ఆటకి అనుకున్న వరస ఇక్కడ పనికొస్తాదా? మన కర్మకాండలో నీ గొంతేటి? ఆడి గతి సెడిపోద్ది."

"పిలవనీ పెదనాన్నా. ఆయన పిలిస్తే లేస్తాడు" అన్నాను. ఆ రోజంతటికీ నేను గట్టిగా అన్నది ఆ ఒక్క మాటే.

"నువ్వు కుండ సూసుకో" అన్నాడు పెదనాన్న.

మావయ్య నా వైపొకసారి చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. సరిగ్గా అదే షిఫ్టు మారే వేళ. ప్లాంటు నుంచి వందల సైకిళ్ళు మా పక్కనుంచి పోతున్నాయి. అందులోంచి ఒక గంట బాగా దగ్గరగా మోగింది. మళ్ళీ మోగింది. కాసేపాగి ఇంకోసారి. "ఎవడ్రా ఆడు! శవాన్ని తప్పుకోమంటాడేటి?" అని పెదనాన్న అరిచాడు. నేను నాన్న మొహమే చూస్తున్నాను. ఏమీ మారలేదు. పాడె ఎత్తారు. ఆ గంట కొట్టిన మర్యాద లేనివాణ్ణి కూడా నేను ఇన్నేళ్ళూ క్షమించలేదు.

పన్నెండో రోజు వెళ్ళాక పెదనాన్నని అడిగాను. ఏ పేరుతో పిలిచినా పలుకుతాడన్నావు కదా, మరి మావయ్యని ఎందుకు పిలవనివ్వలేదు అని. "అది దేవుడి సంగతిరా, ఇది మనింటి సంగతి" అన్నాడు. తర్వాతి శనివారం మళ్ళీ ఉపన్యాసం చెప్పాడు.

మావయ్య మమ్మల్ని వదల్లేదు. ఎనిమిదో తరగతి దాకా నన్ను ఆయనే సైకిల్ మీద బడికి దింపేవాడు. ఆ సైకిల్‌కి గంట ఉండేది కాదు. జనం అడ్డొస్తే "హటో, హటో" అని అరిచేవాడు. గంటేది మావయ్యా అంటే, తుప్పు పట్టింది, తీసేశాను అనేవాడు.

ఎనిమిదితో చదువాపి హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల పేటలో లేత్ మెషీన్ మీద పనికి కుదిరాను. పవర్ హౌస్ బజారులో పాత పుస్తకాలు కొని చదివాను. గీత, హిందీలో ఖురాను, బైబిలు, పట్టుదలగా మూడూ చదివాను. వరస కానివాడు చెవిలో పిలవకూడదన్న మాట ఒక్కదాన్లోనూ నాకు కనబడలేదు. నిజం చెప్పాలంటే, మూడూ ఒకటే చెబుతున్నాయని కూడా నాకు అనిపించలేదు. కొన్నిచోట్ల కలుస్తాయి, కొన్నిచోట్ల ఒకదాని మాట ఒకటి ఒప్పుకోదు. అంతా ఒకటే అని చదవకుండానే తేల్చేసినవాడికి, పక్కవాడి గురించి తెలుసుకోవాల్సిన పని తప్పిపోతుంది. అంత సుళువుగా తేల్చేసిన మాట గనకనే పెదనాన్న శనివారం చెప్పి, రోడ్డు మీద మర్చిపోగలిగాడు.

ఇంత చదివీ మావయ్యని మాత్రం ఆ రోజు గురించి ఒక్కనాడూ అడగలేదు. ఆయన 'లేచేవాడు' అంటే భరించలేను. 'లేచేవాడు కాదు' అన్నా భరించలేను.

పోయిన నెల మా వైశాలి నగర్‌లో అన్ని మతాలవాళ్ళూ కలిసి సభ పెట్టారు. ఒక కుర్రాయన మైకులో, ఏ పేరుతో పిలిచినా ఒక్కడే పలుకుతాడు అన్నాడు. మంచివాడే పాపం. నేను మాత్రం కుర్చీలోంచి లేచి, ఆటో పట్టుకుని పవర్ హౌస్ వెనక మావయ్య కూతురి ఇంటికి వెళ్ళాను. ఆయనకిప్పుడు ఎనభై తొమ్మిది. చెవులు సరిగ్గా వినబడవు. మంచం అంచున కూర్చుని, ఆయన చెవి దగ్గర వంగి, రెండూ అడిగేశాను. దేవుళ్ళందరూ ఒకటేనా మావయ్యా? ఆ రోజు నిన్ను పిలవనిస్తే నాన్న లేచేవాడా?

ఆయన దుప్పటి కొస సర్దుకున్నాడు. తర్వాత చెప్పాడు. అది విన్నప్పటి నుంచి పెదనాన్న మీద కోపం ఉన్నచోటే ఉంది గానీ, దాన్ని తీసి చూసుకోబుద్ధి కావడం లేదు. వీధిలో ఎవరైనా సైకిల్ గంట కొడితే, ఇంకొకటి మోగుతుందేమోనని చేస్తున్న పని ఆపి నిలబడుతున్నాను. ఈ వయసులో నాకు మిగిలింది అదే.

ఆయనన్నది ఇది:

"ఒకటో కాదో నాకెట్లా తెలుస్తుంది అల్లుడూ, క్రేన్ నడిపినవాణ్ణి. మా ఇళ్ళల్లో అట్లా పిలవరు. పోయినవాణ్ణి అల్లాకి అప్పజెప్పేస్తాం, వెనక్కి రమ్మనం. అట్లా పిలవడం నాకు తప్పే. కానీ మీ నాన్నకి మీ పద్ధతే కదా, మూడుసార్లు పిలవాలి కదా. నోటితో పిలవద్దన్నాడు మీ పెదనాన్న, సరే అన్నాను. సైకిల్ దగ్గరికెళ్ళి గంట కొట్టాను. రోజూ రెండోదానికే లేచేవాడు. మూడోది కూడా కొట్టాను."